తోడిపెళ్లికూతురు

డండీలో మార్చి. టే నది మీంచి లేచిన మంచు
రైలు వంతెనను సగానికి మింగేసింది.
రెండో అంతస్తు చీకటిగదిలో, ఎర్రబల్బు కింద,
ఐల్సా గెడ్డెస్ ట్రేలో ఫిల్మును ఊపుతోంది
బియ్యం కడుగుతున్నంత నిదానంగా.

ఏడు వారాలుగా ఇదే.
ఈస్టులో దొరికిన చిన్న ముక్క పట్టుకుని
మనిషిలో దాని చుట్టం కోసం గాలింపు.
ఆనవాలొకటే: హిస్టిడిన్, ప్రోలిన్, ఆస్పార్టేట్,
ఆ మూడూ ఆ వరసలోనే.
ఇంటిపేరు లాంటిది,
ఏ ఊళ్లో కాపురమున్నా మారదు.

ఐదు లక్షల మచ్చల్లో రెండు నల్లబడ్డాయి.
ఒకటి నా వేలిముద్ర.
రెండోదాన్ని చూసి ఐల్సా ఏమీ అనలేదు,
నా మోచేతిమీద రెండుసార్లు తట్టింది.
వాళ్లమ్మ జనపనార మిల్లులో నేతపని చేసేదట,
మగ్గాల హోరులో మాట వినపడక
అక్కడి ఆడవాళ్లంతా చేతుల్తోనే మాట్లాడుకునేవారట.
ఆ అలవాటు కూతురికి దిగింది.
ఏ జన్యువులో వెతికినా దొరకదది.

ఆ తర్వాత చదువు.
ఆరబెట్టిన జెల్, ఫిల్ము మీద నాలుగు వరసల నిచ్చెన.
ఆవిడ కిందనుంచి పైకి చదువుతుంటే నేను రాసుకునేదాన్ని:
ఏ, జి, జి, సి, టి, ఏ,
కళ్లంలో వడ్లు కొలిచే గొంతులా, తడబాటు లేకుండా.
"ఒకటి" అనకుండా "లాభం" అని మొదలెట్టే
మా కొలగాళ్ల సంగతి చెబితే
మర్నాటినుంచి మొదటి అక్షరానికి ముందు
"లాబం" అనేది, వత్తు పలక్క.
వెయ్యిన్నీ పద్నాలుగు అక్షరాలు,
చివరి "ఆగు"తో కలిపి.

దొరికింది సరే, అదేం చేస్తుంది?
కణాలను నలభై రెండు డిగ్రీల్లో ఉంచాం.
గంటలో ఆ జన్యువు పంపే కబుర్లు పదిరెట్లయ్యాయి,
వడగాలి రోజున చలివేంద్రం దగ్గర జనంలా.
మిణుగురు వెలుగు ప్రోటీన్ని వేడిచేసి చంపాం.
విడిచిన చీరలా కుప్పపడింది.
ఉడికిన గుడ్డు మళ్లీ పచ్చిదవుతుందా?
మా ప్రోటీను కొంచెం, దాని పెద్ద జోడీ కొంచెం,
ఏటీపీ చిటికెడు.
కుచ్చెళ్లు ఒక్కొక్కటే సర్దే ఓపిక.
నలభై నిమిషాలకి అంకెలు కదిలాయి.
చచ్చిన వెలుగులో సగానికి పైగా తిరిగొచ్చింది.

"మిణుగురు ఎలా ఉంటుంది?" అడిగింది ఐల్సా.
డండీలో అవి ఉండవు.
నేను పిడికిలి మూసి తెరిచాను, మూసి తెరిచాను.
ఆవిడకి వేరే చెప్పనక్కర్లేకపోయింది.

మరి ఈ షాపరోన్‌ని మీ భాషలో ఏమంటారు?
నిఘంటువులో లేదు. నాకున్నది చెప్పాను.
తొమ్మిదేళ్లప్పుడు మా మాణిక్యం పిన్నితో
నన్ను బొబ్బిలి పంపారు, తోడిపెళ్లికూతురిగా.
ఆమెకూ ఆ కొత్తింటికీ మధ్య కూర్చోవడమే నా పని,
రానివాళ్ల చేతికి చిక్కకుండా,
వంటింటి దారి తెలిసిందాకా.
నాలుగో రోజు రవికెగుడ్డ, సున్నుండల డబ్బా చేతికిచ్చి
బస్సెక్కించేశారు.
ఫోటోలో నా మోచెయ్యి మాత్రం పడింది.
ఐల్సా చాలాసేపు నవ్వింది.

పేపరు సెప్టెంబరులో వచ్చింది.
పైన ఆరు పేర్లు, నాది మూడోది.
ఐల్సా ఆఖరి పేరాలో, కృతజ్ఞతల్లో,
ఫిల్ము కంపెనీ తర్వాత,
అదీ ఇంటిపేరులో ఓ "డి" ఎగిరిపోయి.
నాకు తలెత్తబుద్ధి కాలేదు.
ఆవిడ కళ్లజోడు నుదుటిమీదికి తోసి చూసి
"మూడో అక్షరమేగా,
మారినా ఒక్కోసారి అర్థం మారదు," అంది.

మారడం వేరు, రాలిపోవడం వేరు.
ఒక్కటి రాలితే ఆ వెనకున్న చదువంతా తప్పుతుందని
నాకు నేర్పింది ఆవిడే.

అప్పటికే గాజుపలకల మధ్య కొత్త జెల్ పోస్తోంది.
"లాబం," అంది.